భాయ్ అంటే అన్న కాదత్తమ్మా

జోల్వా, సూరత్
ఆగస్టు 7

బుచ్చవ్వ అత్తమ్మకు,

భాయ్ అంటే అన్న కాదత్తమ్మా. ఇక్కడ అది ఉత్త మర్యాద మాట. కొన్ని దిక్కుల పేరు ఎనుక గారు పెడ్తరు సూడు, గట్ల.

మీద ఊరు పేరు, తారీకు ఎందుకు రాసిండు వీడు అనుకుంటవేమో. ఏడో తరగతిల మా తెలుగు సారు ఉత్తరం గిట్లనే రాయాలె అని చెప్పిండు. ఎనిమిదికి నేను పోలే. వాట్సాప్‌ల గూడ గిట్లనే రాయాల్నా లేదా నాకు తెల్వది. బాపు చేస్తె నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. అమ్మ చేస్తె ఎత్తుతలేవు. నేను చేస్తె ఎత్తుతవు కావచ్చు గని హలో అన్నంక ఏమనాల్నో నాకు తోచది, కట్ చేస్త. నీకు ఎరుకే గదా. గందుకే రాస్తున్న.

మొన్న నరేశ్ బావ పుట్టినరోజుకు మన ఇంటోళ్ల గ్రూపుల సంధ్యక్క ఫోన్ కెల్లి 'హ్యాపీ బర్త్‌డే నరేశ్ భాయ్' అని వచ్చింది. గంతే. కట్టుకోబోయేటోన్ని అన్న అన్నదని నువ్వు నారాజ్ అయినవట. దసరా ఎల్లినంక పూలుపండ్లు పెట్టి పెండ్లి ఖాయం చేద్దామనుకున్నం గదా, అది గూడ ఇప్పుడు వద్దంటున్నవట. బాపు అన్నం సగంల లేచిండు.

జర విను. నేను పని చేసే మగ్గాల షెడ్డు సేఠ్ పేరు జయంతి. అందరం జయంతిభాయ్ అంటం. బాపు ఆయనకంటె పదేండ్లు పెద్ద, బాపు గూడ జయంతిభాయ్ అనే అంటడు. కూరగాయలాయన భాయ్. బస్సు కండక్టర్ భాయ్. పోలీసాయన గూడ భాయే. ఆడోళ్లయితే బెన్. అక్కను మా గల్లీల అందరు సంధ్యాబెన్ అంటరు. ఇగ ఇది సూడు. నిన్న చీరల సాంపిల్ ఇయ్యనీకి ఆల్థాన్‌ల సేఠ్ ఇంటికి పోయిన. తలుపు పక్కన పేర్ల బోర్డు ఉన్నది. పైన జయంతిభాయ్, కింద సవితాబెన్. వాళ్లు మొగుడు పెండ్లాలు అత్తమ్మా. భాయ్ అంటే అన్న, బెన్ అంటే చెల్లె అయితే మరి వాళ్లు ఏమైతరు? ముగ్గురు పిల్లలు ఉన్నరు.

ఫోటో కింద పెట్టిన. పెద్దగ చేసి సూడు.

నీ అల్లుడు
సుమన్


సిరిసిల్ల
ఆగస్టు 10

సుమన్‌కు,

భాయ్ అంటే ఏందని నిన్ను నేను అడిగిన్నా బిడ్డా?

నాకు రాసుడు రాదు. మైకు బొమ్మ ఒత్తి మాట్లాడితె ఫోనే రాస్తది. తప్పులుంటె ఫోన్ను అను, నన్ను అనకు. నువ్వు ఊరు, తారీకు పెట్టినవని నేను గూడ చెప్పి పెట్టించిన.

నీ ఫోటో సూసిన. మంచి టేకు తలుపు. ఆల్థాన్‌ల తలుపు సూపెడితె సిరిసిల్లల నా ఇజ్జత్ వాపసు వస్తదా?

నిన్న రాఖీ పండుగ. మీ ఓంప్రకాష్ కాక గ్రూపుల రాఖీ బొమ్మ పెట్టి 'సూరత్ కెల్లి పార్సిల్ అందిందా నరేశూ' అని అడిగిండు. నలబై మూడు మంది ఉన్నరు అండ్ల. అందరు పండ్లు బయటపెట్టే బొమ్మలు పెట్టిన్రు. మధ్యానం మా ఆగయ్య మామ, నీకు తాత వరుస అయితడు, భోజనాల కాడ అందరు వినంగ 'వరుస మారింది, ఇగ ఆ పిల్ల మనింటికి కోడలుగ ఎట్లొస్తది' అన్నడు. పప్పు ఏసుకున్నదాన్ని అట్లనే చెయ్యి కడుక్కొని వచ్చిన.

సంధ్యను ఉయ్యాల్ల ఏసిన నాడు ఇది నా కోడలు అన్నదాన్ని నేను. నాకు కోపముంటదా ఉండదా నువ్వే చెప్పు.

మీ అక్కతోని అను, వద్దులే. ఏం అనకు.

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
ఆగస్టు 12

అత్తమ్మకు,

నీకు ఇజ్జత్ పోయిందంటే నాకు కోపమొచ్చింది. గందుకే నిన్న అన్నం ఛుట్టీల గ్రూపుల ఆగయ్య తాతకు చెప్పిన. నువ్వు సూసే ఉంటవు. సూడకుంటె ఇగో. 'తాతా నీకు గుజరాతీ రాదు. రాని భాష ముచ్చట్ల తీర్పు చెప్పొద్దు. నీకు తెల్వకుంటె నన్ను అడుగు.' దాని కింద ఐదు ఫోటోలు పెట్టిన. సేఠ్ బోర్డు, మందుల దుకాణం బోర్డు, రెండు పెండ్లి కార్డులు, మా మేస్త్రి మెడల కార్డు.

మంచిగనే చెప్పిన అనుకున్న. పంపినప్పుడు ఛాతి గిట్ల పెద్దగైంది. మల్ల ఒక్కలు మాట్లాడలే. ఓంప్రకాష్ కాక గూడ ఏం బొమ్మ పెట్టలే. నలబై మంది సూసిన్రు అని ఫోన్ సూపెడుతుంది. ఇప్పుడు బాబిన్లు నింపుతున్న గని సూపు ఫోన్ మీదనే ఉన్నది. ఒక బాబిన్‌కు తప్పు రంగు దారం ఎక్కించిన, మేస్త్రి తిట్టిండు.

మొఖం జూసి ఒక్కలతోని మాట్లాడరాదు నాకు. ఫోన్ల మాత్రం వేళ్లు ఆగయి.

నేను చెప్పింది తప్పా అత్తమ్మా? అండ్ల ఒక్క అబద్ధం లేదు గదా?

అక్క చీరలకు రంగురాళ్లు అతికిస్తది గదా, నిన్న ఒక చీరకు మొత్తం ఉల్టా అతికించింది. మల్ల కూసోని ఒక్కొక్కటి గోరుతోని పీకింది.

నరేశ్ బావ ఏమంటుండు? రాయలే నువ్వు.

సుమన్


సిరిసిల్ల
ఆగస్టు 30

సుమన్‌కు,

జవాబు ఎందుకియ్యలే అంటవేమో.

ఆగయ్య మామ మా గడప తొక్కుడు బంద్ చేసిండు. వినాయకుని కాడ ఎదురువడ్డడు. మామా అన్న. పక్కకెల్లి పోయిండు. ఆయనకు డెబ్బై రెండేండ్లు. నీకెన్ని? పదహారు. నలబై మూడు మంది ముందట 'నీకు తెల్వకుంటె నన్ను అడుగు' అంటివి.

మీ సోమలింగం మామ పోయిన నాడు నరేశ్‌కు తొమ్మిదేండ్లు. వాన్ని భుజం మీద ఎక్కించుకున్నది ఈ ఆగయ్య మామనే. బడిల ఏసింది ఆయనే. మొబైల్ రిపేర్ నేర్సుకోనీకి కరీంనగర్ తోలుకపోయింది ఆయనే. పూలుపండ్లకు నేను మొగదిక్కు లేనిదాన్ని, మా దిక్కు కెల్లి పీట మీద కూసునేది ఆయనే. ఆయన కూసోకుంటె ఆ పని కాదు. కాదంటె కాదు. నా కొడుకు గూడ ఆయన లేకుంట కూసోడు.

నువ్వు చెప్పింది రైటే కావచ్చు. నేను కాదంటలే. నువ్వు రైటయితె మరి నా కొడుకు పెండ్లి ఎందుకాగింది బిడ్డా?

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
సెప్టెంబర్ 24

అత్తమ్మకు,

నువ్వు రాసినదానికి ఇరవై అయిదు రోజులాయె. రోజు టైపు చేసుడు, చెరుపుడు. ప్రతిసారి మల్ల భాయ్ ముచ్చటనే వస్తది, నేను రైటన్న ముచ్చటనే వస్తది. నువ్వు ఏమంటవో ఎరుకే.

ఇక్కడ బతుకమ్మ మొదలైంది. మా గల్లీ చివర మనోళ్లు ఆడుతరు. దాని పక్కనే గుజరాతోళ్ల గర్బా. వాళ్ల డీజేకు మన పాట వినరాదు. మన ఆడోళ్లు గూడ వాళ్ల దెబ్బకే చప్పట్లు కొట్టవట్టిన్రు. అందరు నవ్వుకుంటున్రు. అక్క రాలే. పోయినేడు అందరికన్న ముందు పోయింది. ఈసారి తంగేడు పువ్వు దొరకలేదని అన్నది. దొరికింది, నేను తెచ్చి గంపల పెట్టిన. అట్లనే వాడిపోయింది.

ఇంకోటి. చెప్పొద్దన్నది అమ్మ, అయినా చెప్తున్న. కామ్‌రేజ్ కెల్లి ఒక సంబంధం అడుగుతున్రు. మనోళ్లే, పిలగాడు ఆడ మిల్లుల సూపర్‌వైజర్. అమ్మ ఫోటో అడిగింది. ఆ మనిషి మంచిగనే ఉన్నడు, అదే నాకు భయం. బాపు వద్దనలే. బాపు వద్దనకుంటె అది అవునన్నట్టు.

నేను తాతను మాఫ్ అడిగిన అనుకో. అప్పుడు అక్క రాసింది తప్పే అని ఒప్పుకున్నట్టు గాదా? అక్క అన్న అన్నదని అందరు ఖాయం చేసుకోరా? నేను అందుకే అడుగుతలేను. నా పంతం కాదు ఇది.

కొంచెం నా పంతం గూడ.

బావ ఏమంటుండు? ఇది రెండోసారి అడుగుడు.

సుమన్


సిరిసిల్ల
సెప్టెంబర్ 28

సుమన్‌కు,

రెండుసార్లు అడిగినవు, నేను దాపెట్టిన. ఇప్పుడు చెప్త. కామ్‌రేజ్ పేరు విన్నంక దాపెట్టి ఏం లాభం.

నాకు ఆగయ్య మామ కోపం పెద్దది కాదు. ఓంప్రకాష్ నవ్వు అసలే కాదు. నరేశ్ అన్న మాట పెద్దది. పుట్టినరోజు నాడు పొద్దటి సంది వాడు ఫోన్ పట్టుకొనే ఉన్నడు. అందరి మెసేజులకు జవాబు ఇచ్చిండు గని కండ్లు ఇంకేదానికోసమో సూస్తున్నయి. నాకు తెల్వదా. సాయంత్రం అది వచ్చింది. వాడు సదివిండు. బొటనవేలు బొమ్మ పెట్టి దుకాణం పోయిండు.

మల్ల పది రోజులకు అన్నడు. "అవ్వా, సంధ్యకు నేనంటె ఇష్టం లేదు. నోటితోని అనలేక మర్యాదగ భాయ్ అన్నది. సూరత్‌ల పెరిగిన పిల్ల, సిరిసిల్ల వచ్చి ఏం జేస్తది. నువ్వు మామను బలవంతం చెయ్యకు" అన్నడు. అప్పటి సంది ఆ పిల్ల పేరెత్తితె లేచిపోతడు.

నీ బోర్డులు, నీ కార్డులు వానికి గూడ సూపెట్టిన సుమన్. వాడన్నడు, "భాయ్ అంటే ఏందో నాకెరుకనే అవ్వా, రోజు యూట్యూబ్ సూస్తలేనా. ఆమె మనసుల ఏమున్నదో బోర్డు మీద రాసి ఉంటదా?"

ఇగ చెప్పు. నాకు మాట అర్థం వద్దు. మీ అక్క ఏ మనసుతోని రాసింది అది?

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
అక్టోబర్ 1

అత్తమ్మా,

అక్క రాయలే.

నేను రాసిన.

ఇది పంపుతనో పంపనో తెల్వది. పంపినంక చెరపరాదు గదా. చెరిపితె చెరిపినట్టు కనబడ్తది.

ఆ రోజు నా ఫోన్ల రీచార్జి అయిపోయింది. రీలు సూద్దామని అక్క ఫోన్ తీసుకున్న. అక్క నీళ్లు పట్టనీకి కిందికి పోయింది. గ్రూపు తెరిచే ఉన్నది. పొద్దటి సంది అందరు బావకు హ్యాపీ బర్త్‌డే పెట్టిన్రు, అక్క ఒక్కతే పెట్టలే. రాసే డబ్బాల మాత్రం 'హ్యాపీ బర్త్‌డే బా' అని ఉన్నది. పంపలే. అట్లనే ఆగి ఉన్నది.

బా అంటే ఇక్కడ తల్లి. ముసలవ్వ. సేఠ్ వాళ్ల అవ్వను అందరు బా అంటరు. అక్క బావకు ముసలవ్వా అని ఎందుకు రాస్తది, కీబోర్డు తప్పు కొట్టింది అనుకున్న. నిజంగ గట్లనే అనుకున్న అత్తమ్మా, ఒట్టు. బా తీసేసిన. ఉత్తగ నరేశ్ అని పేరు రాస్తె మర్యాద ఉండదని భాయ్ పెట్టిన. అక్క పెట్టలేదని నువ్వు ఏమనుకుంటవో అని నేనే పంపిన. మంచి పని చేసిన అనుకున్న.

బాపు వచ్చి ఫోన్ సూసి ఎవలు రాసిన్రు ఇది అని ఒర్రిండు. అక్క నా దిక్కు సూసింది. "నేనే రాసిన బాపూ" అన్నది. నేను ఊకున్న. ఊకుంటె ఆ అబద్ధం నిజమయింది. గందుకే భాయ్ అంటే తప్పు కాదు, తప్పు కాదు అని అందరితోని కొట్లాడిన. అది తప్పు కాదని మీరందరు ఒప్పుకుంటె నేను దాపెట్టింది గూడ తప్పు కాదయితది గదా అని.

నీ ఉత్తరం అక్కకు సూపెట్టలే. నిన్న మాత్రం అడిగిన, అక్కా ఆ రోజు బా అని ఎందుకు రాసినవు అని. అక్క ఒక రాయి అతికించింది, ఇంకోటి అతికించింది. మల్ల అన్నది, "బావ అని రాద్దామనుకున్నరా. ఎన్నడూ రాయలే, ఎన్నడూ పిలవలే. బా దాక వచ్చిన. వ కొట్టనీకి శరమైంది. నీళ్లు పట్టి వచ్చి కొడ్దామనుకున్న."

నవ్వింది, ఏడ్చింది. ఎవ్వలకు చెప్పకు అని నా చెయ్యి పట్టుకొని ఒట్టు ఏయించుకున్నది. ఏసిన. ఇప్పుడు నీకు చెప్తున్న.

సుమన్


సిరిసిల్ల
అక్టోబర్ 3

నా బిడ్డా సుమన్,

నీది నాకు సదువరాదు గదా, పక్కింటి అనురాధ సదువుతది ఎప్పుడూ. ఈసారి మొదటి రెండు మాటలు సదివి ఆమె ఆగింది. ఇది నువ్వే వినాలె పిన్నీ అని ఫోన్ను సదువుమని పెట్టి బయటికి పోయింది. ఫోన్ల ఆ ఆడమనిషి గొంతు ఉంటది సూడు, ఏ బాధ లేకుంట సదువుతది. బా దాక వచ్చిన అని ఆమె చెప్తుంటె నేను పొయ్యి కాడ కూలవడ్డ.

నరేశ్‌కు చెప్పిన. చెప్పకుంటె ఎట్ల. వాడు ఎవని ఫోన్‌దో స్క్రీన్ ఇప్పి పెట్టుకున్నడు, ఆ చిన్న మర మొల చేతిల కెల్లి జారి దొరకకుంట పోయింది. ఇద్దరం బల్ల కింద దేవులాడినం. దేవులాడుకుంట నవ్వవట్టిండు. మీ అక్కకు తెల్వనియ్యనని ఒట్టేసిండు. మన ఇంట్ల ఒట్లకు కొదువ లేదు.

ఇగ ఆగయ్య మామ మిగిలిండు. అది నీ పని. నేను కాళ్లు మొక్కినా కాదు, నరేశ్ మొక్కినా కాదు. నువ్వు గ్రూపుల అన్నవు, గ్రూపులనే అడుగు. బా ముచ్చట అండ్ల రావద్దు, ఆడపిల్ల మనసు అందరి నోట్ల పడొద్దు. అది లేకుంట ఎట్ల అడుగుతవో నువ్వే ఆలోచించు.

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
అక్టోబర్ 5

అత్తమ్మకు,

బావ అక్కకు మెసేజ్ పెట్టిండు. 'నన్ను భాయ్ అనకు, బావ అను' అని. అక్క ఫోన్ దిండు కింద పెట్టుకొని తిరుగుతుంది. కామ్‌రేజోళ్ల ఫోటో అమ్మకు వాపసు ఇచ్చింది.

తాతకు రాసిన. పంపలే. ముందు నువ్వు విను.

'ఆగయ్య తాతకు. గా మెసేజ్ అక్క రాయలే, నేను రాసిన. నిన్ను అందరి ముందట అట్ల అనుడు తప్పు. మాఫ్ చెయ్యి. కానీ గుజరాత్‌ల భాయ్ అంటే మర్యాద మాట అన్నది మాత్రం నిజం, కావాల్నంటె ఎవలనన్న అడుగు.'

మంచిగున్నదా?

సుమన్


సిరిసిల్ల
అక్టోబర్ 5

సుమన్‌కు,

కానీ తర్వాత ఉన్నదంత తీసెయ్యి. కానీ గూడ తీసెయ్యి.

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
అక్టోబర్ 16

అత్తమ్మకు,

గ్రూపుల సూసినవు గని నా దిక్కు ఏమైందో నీకు తెల్వది.

కానీ తీసేస్తె మూడు మాటలే మిగిలినయి. మస్తు చిన్నగ కనబడ్డది. రెండు రోజులు పంపలే. మూడో రోజు షెడ్డుల కరెంటు పోయింది, మగ్గాలన్ని ఆగినయి. ఫోన్ తీసిన. ఒత్తిన.

ఒక్క నిమిషంల ఓంప్రకాష్ కాక వచ్చిండు. 'అరె సూరత్ హీరో, మరి నన్ను ఏమంటవ్? ఓంప్రకాష్ బెన్ అంటవా?' ఎవలో 'వరుసలు తెల్వని పోరడు' అన్నరు. ఎవలో 'సూరత్ నీళ్లు' అన్నరు. నేను అన్ని సదివిన. ప్రతిదానికి నా తాన జవాబు ఉన్నది అత్తమ్మా, మస్తు మంచి జవాబులు. ఒక్కటి రాయలే.

బాపు పని కెల్లి వచ్చిండు. మెసేజ్ సూసిండు. కొడ్తడు అనుకున్న. అక్క మధ్యల వచ్చి నిలవడ్డది. బాపు చెప్పులిడిసి కూసోని, "వీనికి నోట్లె నాలిక లేదని రంది పడ్డ, వేళ్లల్ల పెట్టుకున్నడు" అన్నడు. అక్క దిక్కు సూసి, "నువ్వెందుకు మీద ఏసుకున్నవ్?" అన్నడు. అక్క "వాడు వణుకుతుండె" అన్నది.

తాత మాత్రం సూసి ఊకున్నడు. ఎనిమిది రోజులు. నేను రోజు ఆయన పేరు కింద సూసుడు, ఆన్‌లైన్ అని వస్తది, పోతది. టైపింగ్ అని ఒకసారి వచ్చి పోయింది. ఆయన రాయడు, ఆయనకు మాట్లాడుడే వస్తది, అయినా ఏం నొక్కిండో. మేస్త్రి రెండుసార్లు మందలించిండు.

నిన్న ఆయన మాట వచ్చింది. నువ్వు గూడ విన్నవు. "ఏమిరా పోరడా. పెద్దోన్ని అన్నవు, ఒప్పుకున్నవు, అయిపాయె. ఇప్పుడు నేను నీకొకటి చెప్త విను. గుజరాతోళ్లకు మనలెక్క వరుసలు ఉండయి. వాళ్ల భాషల బావ లేడు, మరిది లేడు, తోడల్లుడు లేడు. ఆ మాటలే లేవు. మాటలు లేక పాపం కనబడ్డోన్నల్ల భాయ్ అంటరు. సమజైందా?"

అత్తమ్మా, అది తప్పు. మొత్తానికి మొత్తం తప్పు. అక్క మొగున్ని బనేవి అంటరు. పెండ్లాం తమ్మున్ని సాలో. తోడల్లున్ని సాఢు. మొగని అన్న జేఠ్, తమ్ముడు దియర్. మన తాన అక్క మొగడు బావనే, మొగని అన్న గూడ బావనే, వాళ్ల తాన ఒక్కొక్కలకు ఒక్కొక్క మాట. ఇవన్ని టైపు చేసిన. ఐదు మాటలు, ఒకదాని కింద ఒకటి. నా బొటనవేలు ఆ బాణం గుర్తు మీదనే ఉన్నది.

అక్క తలుపు కాడ కూసోని రాళ్లు అతికిస్తుంది. పాట ఏదో అనుకుంటుంది. మస్తు రోజులాయె ఆమె పాట విని.

ఒక్కొక్క మాట చెరిపిన. 'అవును తాతా' అని పెట్టిన.

గది గ్రూపుల నువ్వు సూసింది. రెండు మాటలు. వాటికి అరగంట పట్టింది.

సుమన్


సిరిసిల్ల
అక్టోబర్ 18

సుమన్‌కు,

ఆగయ్య మామ పొద్దుగాల వచ్చిండు. చాయ్ తాగిండు. చక్కెర తక్కువైందన్నడు. అంటే ఇగ రోజు వస్తడు.

"పోరడు మంచోడే బుచ్చవ్వా, చెప్తె వింటడు" అన్నడు. నేను కొంగు నోట్లె కుక్కుకొని లోపటికి పోయిన.

పంతులును అడిగి పూలుపండ్లకు రోజు పెట్టించిండు. దీపావళి ఎల్లినంక నవంబర్ పన్నెండు, బుధవారం. బస్సుకు పదకొండు మందిమి వస్తున్నం. ఆయనకు ముందు సీటు కావాల్నట. నరేశ్ అంగీ కుట్టించుకుంటుండు, ఏ రంగు అని నన్ను నాలుగుసార్లు అడిగిండు. మీ అక్కను అడుగురా అన్న.

మీ బాపుకు చెప్పు, ఫోన్ చేస్తె ఎత్తుత.

మీ అత్తమ్మ


జోల్వా, సూరత్
నవంబర్ 9

అత్తమ్మకు,

ఇంక మూడు రోజులే. అమ్మ పక్కింట్ల కెల్లి కుర్చీలు తెచ్చింది. బాపు సేఠ్‌ను రెండు రోజులు ఛుట్టీ అడిగిండు, ఇచ్చిండు. అంత మంచిగనే ఉన్నది. నాకే నిద్ర పడ్తలేదు.

ఎందుకంటె అక్క గల్లీల అందరితోని ఒకటి చెప్తుంది. నిన్న తన దోస్తు హారతికి చెప్తుంటె విన్న. "నేను ఒక్క మాట అనలే హారతీ. ఆయనకు ఆయనకే తెలిసింది. బావ అను అని మెసేజ్ పెట్టిండు. నా మనసు ఎట్ల తెలిసిందో ఏమో" అని. చెప్పుకుంట ఆమె మొఖం ఎట్లున్నదంటే, నాకు రాయరాదు అది. రోజుకు ఒక్కసారన్న చెప్తది. నాతోని గూడ చెప్పింది. "సూసినవారా, చెప్పకుంటనే అర్థం చేసుకునేటోడు దొరికిండు నాకు" అన్నది.

కాదు గదా అత్తమ్మా. నేను చెప్పిన. నీకు నేను చెప్తె బావకు నువ్వు చెప్పినవు. అక్క అనుకునేది తప్పు. నాకు నిజం ఎరుక. నోటి దాక వస్తది, మింగుత.

తాతకు అవును అన్ననాడు నాకు కడుపు మండింది గని భయం కాలే. ఇది వేరే తీరు. చెప్తె ఆమె సంతోషం పోతది, నేను ఒట్టు తప్పిన ముచ్చట గూడ తెలుస్తది. చెప్పకుంటె, మల్ల ఆమె మాట ఆమెను అడగకుంట పంపినోన్నే నేను. ఒకసారి పంపితె చెడింది, ఒకసారి పంపితె బాగయింది. బాగయింది గనుక నేను చేసింది రైటే అనుకోవాల్నా?

ఒకసారి ఊకున్నందుకు అక్క మీద మాట పడ్డది. ఒకసారి ఊకున్నందుకు తాత వాపసు వచ్చిండు. ఇప్పుడు ఊకుంటె అది ఏ తీరుది అత్తమ్మా, తాత ముందట ఊకున్నసొంటిదా, బాపు ముందట ఊకున్నసొంటిదా?

సుమన్